ఇంటి కంప్యూటర్‌కి డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా? పర్లాకిమిడి మాస్టారికి నా జవాబు

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ. పర్లాకిమిడిలో మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. బ్యాంకు పనులు, పెన్షన్ కాగితాలు, మనవరాలి స్కూలు ప్రాజెక్టులు, ఇన్నేళ్ల ఫొటోలు అన్నీ అందులోనే. నెట్ కావాలంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తారు. ప్రింట్లకి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బజార్లో జిరాక్స్ షాపుకి వెళ్తారు. ఆ షాపతను మూడేళ్ల ‘టోటల్ సెక్యూరిటీ’ ప్యాక్ తీసుకోమంటున్నాడు. బెంగళూరులో ఉన్న మీ అబ్బాయేమో విండోస్‌తో వచ్చిందే చాలు, డబ్బు దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి, కొంటే ఏది కొనాలి?

నేను బరంపురంలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచీ, అటు ఇచ్ఛాపురం, పాతపట్నం నుంచీ మెషిన్లు వస్తుంటాయి. ‘ఏ యాంటీవైరస్ మంచిది’ అనే ప్రశ్నకి పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటే మీకు మేలు జరగదు. మీ ఇంట్లోకి వైరస్ ఏ దారిన వస్తుందో ముందు చూడాలి. మీరు కొనబోయేది ఆ దారిని మూస్తుందా లేదా అన్నది తర్వాత. మీ అబ్బాయి మాట చాలావరకు నిజం. అయితే నెట్ ఎప్పుడూ ఉండే ఇంట్లో కూర్చుని చెప్పిన మాట అది. మీ ఇంట్లో నెట్ ఎప్పుడూ ఉండదు. తేడా అక్కడే వస్తుంది.

విండోస్ 10, 11 రెండింట్లోనూ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది. విడిగా డబ్బు కట్టక్కర్లేదు. పదేళ్ల కిందట దాన్ని చులకనగా మాట్లాడేవారు, అప్పటికి ఆ మాటలో నిజం ఉంది. ఇప్పుడు లేదు. ఈ సంగతి నా మాట మీద నమ్మక్కర్లేదు, పరీక్షలు పెట్టే ల్యాబులు ఉన్నాయి. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారిటివ్స్, బ్రిటన్‌లో ఎస్ఈ ల్యాబ్స్. వాటి రిపోర్టులు వెబ్‌సైట్లలో ఉచితంగా చదువుకోవచ్చు. యూట్యూబ్‌లో ‘టాప్ 5 యాంటీవైరస్’ వీడియోలు మాత్రం చూసి కొనకండి. చాలా వీడియోల కింద ఉండే లింకు నుంచి కొంటే, వీడియో పెట్టినవారికి కమీషన్ వెళ్తుంది.

రిపోర్టు చదవడం కష్టమేం కాదు, మీరు ఆన్సర్ షీట్లు దిద్దినవారు కాబట్టి మరీ సులువు. ఏవీ-టెస్ట్ మూడు సబ్జెక్టులకి ఆరేసి మార్కులు ఇస్తుంది: వైరస్‌ని ఆపడం, మెషిన్‌ని నెమ్మది చేయకపోవడం, మంచి ఫైళ్లని వైరస్ అనుకుని పట్టుకోకపోవడం. మొత్తం 18. అందులో 17.5 లేదా పైన వస్తే ‘టాప్ ప్రొడక్ట్’ అని ముద్ర వేస్తారు. ఒక్కో రౌండులో చాలా ప్రొడక్టులకి ఆ ముద్ర వస్తుంది, డిఫెండర్‌కి కూడా తరచుగా వస్తుంది. అందుకే డబ్బా మీద ఆ ముద్ర ఉంది కదా అని మురిసిపోనక్కర్లేదు. అలాగే ఒకదానికి 99.3 శాతం, ఇంకోదానికి 99.8 శాతం అని రాసి ఉంటే రెండోది గొప్పదని తేల్చేయకండి. నాలుగు వందల శాంపిళ్ల (నమూనా వైరస్‌ల) పరీక్షలో అర శాతం అంటే రెండు శాంపిళ్లు. వచ్చే రౌండులో తారుమారు కావచ్చు. మూడు నాలుగు రౌండ్లు వరసగా చూసి, ఎప్పుడూ పైవరసలో నిలకడగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఒకసారి పైకి, ఒకసారి కిందకి ఊగేదాన్ని వదిలేయండి.

మీకు అసలు పనికొచ్చే అంకె వేరే చోట ఉంది. ఏవీ-కంపారిటివ్స్ వాళ్లు ‘మాల్‌వేర్ ప్రొటెక్షన్ టెస్ట్’ అని ఒకటి పెడతారు. అందులో నెట్ లేనప్పుడు ఎంత పట్టుకుంది, నెట్ ఉన్నప్పుడు ఎంత పట్టుకుంది అని రెండు అంకెలు విడివిడిగా వేస్తారు. డిఫెండర్‌కి ఈ రెండింటి మధ్య దూరం బాగా ఎక్కువ. అనుమానం వచ్చిన ఫైలు గురించి అది మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి తేల్చుకుంటుంది. నెట్ లేకపోతే అడగడానికి లేదు, తనకి అప్పటికి తెలిసినదాన్ని బట్టే నిర్ణయిస్తుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫైబర్ లైను ఉన్న ఇంట్లో ఈ తేడా ఎప్పుడూ కనబడదు. మన వైపు హాట్‌స్పాట్ ఆపేసి ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చే ఇళ్లలో ఇదే అసలు కన్నం. డబ్బు కట్టి కొనేవన్నీ ఇందులో మెరుగని కూడా కాదు. కొన్నిటికి ఆఫ్‌లైన్ అంకె డిఫెండర్ కంటే కూడా తక్కువ వస్తుంది. కాబట్టి కొనేమాటైతే మీరు చూడాల్సిన మొదటి గడి అదే: ఆఫ్‌లైన్ డిటెక్షన్. షాపతను ఈ మాట ఎప్పుడూ చెప్పడు, ఎందుకంటే డబ్బా మీద అది అచ్చు వేయరు.

దీనికి పైసా ఖర్చు లేని విరుగుడు ఒకటి ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టే ముందు హాట్‌స్పాట్ ఆన్ చేయండి. నెట్ వచ్చిందని చూసుకోండి. అప్పుడు గుచ్చి, ‘దిస్ పీసీ’లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. అది అయ్యాకే తెరవండి.

జిరాక్స్ షాపు నుంచి వచ్చే పెన్‌డ్రైవ్ సంగతి కాస్త వివరంగా చెప్తాను. మా దగ్గరికి వచ్చే ఇంటి కంప్యూటర్లలో ఈ దారిన వచ్చిన రోగమే నేను ఎక్కువగా చూస్తాను. రోజంతా ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవులన్నీ ఒకే మెషిన్‌లో దిగుతాయి. ఇంటికొచ్చి మీరు తెరిచేసరికి మీ ఫోల్డర్లు కనబడవు. వాటికి బదులు పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక బొమ్మ ఉంటుంది. సరిగ్గా చూడండి, ఆ బొమ్మ ఎడమ వైపు కింద మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. పక్కన ‘టైప్’ గడిలో ‘షార్ట్‌కట్’ అని ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే మీ ఫైళ్లు తెరుచుకుంటాయి కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ క్లిక్‌తోనే వెనక దాగిన స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) కూడా నడిచి మీ మెషిన్‌లో కూర్చుంటుంది. ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి పెన్‌డ్రైవుకీ అంటుకుంటుంది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతట అదే ప్రోగ్రాం నడిచిపోయే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో ఆపేసింది. పాత విండోస్‌లకి కూడా 2011లో అప్‌డేట్ ఇచ్చి ఆపింది. అంటే ఇప్పుడు దానికి మీ క్లిక్ కావాలి. బాణం గుర్తు కనబడితే క్లిక్ చేయకుండా ఆగితే చాలు, సగం గెలిచినట్టే. మీ ఫైళ్లు కూడా ఎక్కడికీ పోవు, అందులోనే దాచిపెట్టి ఉంటాయి. కంగారులో ఫార్మాట్ కొట్టేసి పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. ఫార్మాట్ చేయకుండా తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంకో మంచి అలవాటు. ప్రింట్ల కోసం ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకోండి. అందులో ఆ రోజు ప్రింట్ తీయాల్సిన పీడీఎఫ్ తప్ప ఇంకేం ఉండకూడదు. పని అయ్యాక దాన్ని ఫార్మాట్ చేసినా పోయేదేమీ ఉండదు. ఫొటోలున్న పెన్‌డ్రైవ్ మాత్రం ఇల్లు దాటకూడదు.

ఇక మెషిన్ బరువు సంగతి. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌కి ఇది చిన్న విషయం కాదు. టోటల్ సెక్యూరిటీ ప్యాకులు వేశాక కంప్యూటర్ తెరుచుకోవడానికే విసుగొచ్చి, చివరికి మొత్తం ప్రొటెక్షన్ ఆపేసుకుని వాడేవాళ్లు ఉన్నారు. వాళ్లు డబ్బూ పెట్టారు, రక్షణా లేదు. ల్యాబులు స్పీడ్ పరీక్షలు కూడా చేస్తాయి. చెన్నై కంపెనీ కే7 ఆ పరీక్షల్లో తేలికైన వాటిలో ఒకటిగా చాలాసార్లు నిలిచింది. కానీ ల్యాబులో మెషిన్ వేరు, మీ మెషిన్ వేరు. మీ మెషిన్‌లో మీరే పరీక్షించుకోవాలి. దాదాపు ప్రతి కంపెనీ ట్రయల్ వెర్షన్ ఇస్తుంది, సాధారణంగా నెల రోజులకి. డబ్బు కట్టే ముందు అది వాడండి.

పరీక్ష ఇలా చేయండి. ట్రయల్ వేయకముందే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, క్రోమ్‌లో మీ బ్యాంకు పేజీ తెరుచుకునేదాకా ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఫొటోల ఫోల్డర్ ఒకటి ఇంకో చోటికి కాపీ చేసి దానికి పట్టిన టైము రాసుకోండి. అప్పుడు ట్రయల్ వేయండి. మొదటి రోజు కొలవకండి. అప్‌డేట్లు దింపుకుంటూ, మొత్తం డిస్క్ స్కాన్ చేస్తూ ఏ యాంటీవైరస్ అయినా ఆ రోజు నెమ్మదిగానే ఉంటుంది. ఆ స్కాన్ పూర్తయ్యాక, మర్నాడు, అదే రెండు పనులు మళ్లీ కొలవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మీరు ఏ పనీ చేయనప్పుడు కూడా అందులో డిస్క్ గడి 100 శాతం దగ్గరే అతుక్కుని ఉంటే, కారణం ఆ యాంటీవైరసే అని పేరుతో సహా కనబడితే, అది మీ మెషిన్‌కి పనికిరాదు. ఎన్ని అవార్డులున్నా సరే. డిఫెండర్ కూడా పాత డిస్క్ మీద స్కాన్ చేసేటప్పుడు మెషిన్‌ని బిగబడుతుంది, ఆ మాట దాచను.

అసలు మందు వేరే ఉంది. ఆ హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. మూడేళ్ల ప్యాక్‌కి పెట్టబోయే డబ్బులో ఎక్కువ భాగం దాని మీద పెడితే మీ కంప్యూటర్ కొత్తదానిలా పరిగెడుతుంది. డిఫెండర్ బరువూ తెలియదు.

మంచి ఫైలుని వైరస్ అనడం గురించి కూడా తెలియాలి. మన దగ్గర పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో తెలుగు, ఒడియా రెండూ టైపు చేస్తారు. ఎన్నో చోట్ల ఆ ప్యాకేజీలు ఎప్పుడో క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా తాళం విరగ్గొట్టి వాడే కాపీలు. యాంటీవైరస్ ఆ క్రాక్ ఫైలుని పట్టుకుంటుంది. ‘అది ఊరికే అరుస్తుంది, ఆపేయండి’ అని ప్రొటెక్షన్ ఆఫ్ చేస్తారు, మళ్లీ ఆన్ చేయరు. ఇదే అలవాటు ఇళ్లలోకీ వస్తోంది. పిల్లలు గేమ్ దింపుతారు, దాంతో వచ్చిన నోట్‌లో ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి’ అని ఉంటుంది. స్టాప్-డెజావూ అనే రాన్సమ్‌వేర్ ఇళ్లలోకి ఎక్కువగా వచ్చింది ఈ క్రాకులు, కీజెన్‌ల (దొంగ లైసెన్స్ నంబర్లు పుట్టించే ప్రోగ్రాంల) తోవలోనే. ఫొటోలన్నిటి పేర్ల చివర ఏదో తెలియని తోక తగిలించి, తాళం వేసి, డాలర్లు అడుగుతుంది. తాళం ఒకసారి పడ్డాక ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొన్నా ఆ ఫొటోలు తెరవలేదు. యాంటీవైరస్ ఆపమని ఏ ప్రోగ్రాం అడిగినా దాన్ని వేయకూడదని మనవరాలికి గట్టిగా చెప్పండి. నిజంగా మంచిదేనేమో అని అనుమానం ఉంటే వైరస్‌టోటల్ అనే సైట్‌లో ఆ ఫైలు పెట్టండి. ఒకేసారి డజన్ల కొద్దీ యాంటీవైరస్‌ల అభిప్రాయం చూపిస్తుంది. మీ పాస్‌బుక్, ఆధార్ లాంటి సొంత కాగితాలు మాత్రం అందులో పెట్టకండి.

ఇప్పుడు మూడేళ్ల ప్యాక్ దగ్గరికొద్దాం. నేను మూడేళ్లది వద్దంటాను, కారణాలు చెప్తాను. యాంటీవైరస్ అంటే డబ్బాలో ఉన్న సీడీ కాదు. ఆ కంపెనీ ప్రతిరోజూ పంపే అప్‌డేట్ల కోసం మీరు డబ్బు కడుతున్నారు. మూడేళ్లలో కంపెనీలో ఏమైనా జరగొచ్చు. అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో కాస్పర్‌స్కీ అనే రష్యా యాంటీవైరస్‌ని నిషేధించింది. సెప్టెంబర్ 29 తర్వాత అక్కడివాళ్లకి అప్‌డేట్లు ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. ముందే ఏళ్ల తరబడికి కట్టినవాళ్లు అక్కడ ఏం చేయగలరు? ఇంకోటి, అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ. తన వాడకందారులు ఏ ఏ సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని తేలింది. 2020 జనవరిలో జంప్‌షాట్‌ని మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. మన కంప్యూటర్‌లో ప్రతి ఫైలూ చూసే అధికారం ఉన్న ప్రోగ్రాం ఇది, కాబట్టి నమ్మకం అనేది మార్కుల కంటే ముందు చూడాల్సిన విషయం. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా వేర్వేరు కంపెనీలనుకుని పోల్చుకునేవారు ఉన్నారు. ఇప్పుడవన్నీ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి.

షాపులో కొంటే ఒక చిన్న విషయం దగ్గర చాలా జాగ్రత్త పడాలి. కీ (లైసెన్స్ నంబర్) ఎక్కించేటప్పుడు పేరు, ఈమెయిల్, ఫోన్ నంబర్ అడుగుతుంది. షాపతను పని తొందరగా అవ్వాలని తన ఈమెయిల్, తన నంబరే కొట్టేస్తాడు. లైసెన్స్ అప్పటినుంచి అతని పేరు మీద ఉంటుంది. గడువు అయిపోతోందన్న మెసేజ్ అతనికి వెళ్తుంది, మెషిన్ మార్చినప్పుడు కీ వేరే దాంట్లోకి తేవాలంటే ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. అతని పక్కనే కూర్చుని మీ ఈమెయిల్, మీ నంబర్ వేయించండి. డబ్బా మీద స్క్రాచ్ మీ ఎదుటే గీకాలి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. హెల్ప్‌లైన్‌కి కొనే ముందే ఒకసారి ఫోన్ చేసి, తెలుగులో గానీ ఒడియాలో గానీ మాట్లాడే మనిషి దొరుకుతాడో లేదో చూసుకోండి. డబ్బు పెట్టి కొనేదాంట్లో మీలాంటివారికి నిజంగా ఉపయోగపడేది ఆ మనిషి సాయమే.

ఆన్‌లైన్‌లో కొంటే మొదటి ఏడాది ధర చూసి మోసపోకండి. సగానికి సగం తగ్గింపు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెన్యువల్ ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోల్చాల్సింది ఆ రెండో అంకె. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంటే డబ్బు దానంతట అదే పోతుంది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఇలా కోసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు మెసేజ్ రావాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలు ఉండాలి. ఆ మెసేజ్ మామూలు యాడ్ అనుకుని చెరిపేయకండి. ‘మీ యాంటీవైరస్ వేల రూపాయలకి రెన్యూ అయింది, వద్దంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి’ అని వచ్చే ఈమెయిల్ మాత్రం దొంగది. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే దూరం నుంచి మీ మెషిన్‌ని నడిపే ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రాం వేయించి మీ బ్యాంకు ఖాతాలోకి దిగుతారు.

గడువు తీరిన రోజు ఏమవుతుందన్నది ఎవరూ అడగరు, మీరు అడగండి. వేరే యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది. గడువు తీరాక ఆ యాంటీవైరస్ ఒక్కోసారి అప్‌డేట్లు లేకుండా అలాగే కూర్చుంటుంది, డిఫెండర్ వెంటనే తిరిగి ఆన్ కాకపోవచ్చు. టాస్క్‌బార్‌లో దాని బొమ్మ కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు రక్షణ ఉందనుకుంటారు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్‌ది కూడా ఇదే కథ. గడువు దాటితే రెన్యూ చేయండి, లేదా పూర్తిగా తీసేయండి. మధ్యస్తంగా వదిలేయకూడదు. తీసేశాక విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో డిఫెండర్ మళ్లీ ఆన్ అయిందో లేదో కళ్లారా చూడండి. సరిగా పోకపోతే ఆ కంపెనీ సైట్‌లోనే పూర్తిగా తుడిచేసే టూల్ దొరుకుతుంది.

టోటల్ సెక్యూరిటీలో అదనంగా వచ్చేవాటి గురించి ఎక్కువ చెప్పను. ట్యూనప్, రిజిస్ట్రీ క్లీనర్ మీకు అక్కర్లేదు. పాస్‌వర్డ్‌లు దాచేది క్రోమ్‌లోనే ఉంది. పిల్లల మీద అదుపు కావాలంటే మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితం. వీపీఎన్‌తో మీకు పనిలేదు. వీటి కోసం ధర పెంచి కొనేబదులు, ఎప్పుడైనా కొంటే కింది మెట్టులోని మామూలు యాంటీవైరస్ తీసుకోండి. వైరస్‌ని పట్టుకునే ఇంజిన్ సాధారణంగా రెండింట్లోనూ ఒకటే.

మీ మెషిన్‌లో యాంటీవైరస్ కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. డిఫెండర్‌కి వైరస్ సమాచారం 2028 అక్టోబర్ వరకు వస్తుందని చెప్పారు గానీ, విండోస్‌లో బయటపడే లోపాలకి అతుకులు వేయడం వేరే పని. గోడకి కన్నం ఉంచి గుమ్మం దగ్గర కాపలా పెడితే ఏం లాభం? 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. మన పక్క ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపానికి అతుకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకున్న మెషిన్లలోకి ఆ కన్నం గుండా అది దూరలేకపోయింది. మీ విండోస్ 10కి ఈఎస్‌యూ అనే భద్రతా అప్‌డేట్ల పొడిగింపు 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెడితే డబ్బు కట్టకుండానే దొరికే మార్గం పెట్టారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు కనబడుతుంది. ఆ లోపు విండోస్ 11కి మారడమో, మెషిన్ మార్చడమో ఆలోచించాలి. అది క్రాక్ చేసిన విండోస్ అయితే మాత్రం ఇవేవీ నమ్మకంగా పనిచేయవు. క్రాక్ వేసే టూల్స్‌లో చాలా వాటికి డిఫెండర్‌ని ఆపితే తప్ప పని జరగదు. షాపతను ఎప్పుడైనా విండోస్ వేసి ఇచ్చి ఉంటే ఆ సంగతి ముందు కనుక్కోండి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి, మాస్టారూ. ఈ మధ్య మన ఊళ్లలో జనం డబ్బు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ఫోన్‌లో. ట్రాఫిక్ చలానా, పెళ్లి పిలుపు, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు), బ్యాంకు నుంచి అని వచ్చే కాల్స్. కంప్యూటర్‌కి కొన్న యాంటీవైరస్ వీటిని ఆపదు. మీరే ఓటీపీ చెప్పినా, మీరే ఎనీడెస్క్‌కి అనుమతి ఇచ్చినా ఏ యాంటీవైరస్‌కీ అది తప్పుగా కనబడదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మీ ఇంటికి నా సలహా ఇదీ. మూడేళ్ల ప్యాక్ వద్దు. ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీ వేయించండి. పాత హార్డ్ డిస్క్‌ని పారేయకుండా ఒక కేస్‌లో పెట్టిస్తే బయటి డిస్క్‌గా పనికొస్తుంది. డిస్క్ ఇంకా గట్టిగా ఉందో లేదో ముందు చెక్ చేయించండి. అందులోకి నెలకోసారి ఫొటోలు, కాగితాలు కాపీ చేసి, తీగ పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా తాళం వేస్తుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా చేసిందో మీరు చూశారు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి తడిసిపోగల ప్రాంతం మనది, కాబట్టి రెండో కాపీ ఒకటి అబ్బాయి దగ్గర బెంగళూరులో ఉంచండి. మనవరాలికి విడిగా స్టాండర్డ్ అకౌంట్ పెట్టండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఆమె ఏది వేయబోయినా చాలావరకు మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. డిఫెండర్‌లో క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్ (మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి తేల్చుకునేది), టాంపర్ ప్రొటెక్షన్ (వేరే ప్రోగ్రాం డిఫెండర్‌ని ఆపకుండా చూసేది) ఆన్‌లో ఉన్నాయో చూడండి. రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అనే చోట కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (తెలియని ప్రోగ్రాంలు మీ ఫోల్డర్లలో ఫైళ్లని మార్చకుండా ఆపేది) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అది ఆన్ చేయండి. ఏదైనా మంచి ప్రోగ్రాం ఫైలు సేవ్ చేయలేక ఆగిపోతే, ఆ ఒక్కదానికి అనుమతి ఇచ్చుకోవచ్చు. మెషిన్‌లో ఏదో ఉందని ఎప్పుడైనా అనుమానం వస్తే, ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచితంగా శుభ్రం చేసే టూల్స్ ఉన్నాయి.

ఇదంతా చేశాక కూడా హాట్‌స్పాట్ ఆన్ చేయడం కుదరని రోజుల్లో పెన్‌డ్రైవులు పెట్టక తప్పదనుకుంటే, అప్పుడు కొనండి. ఆఫ్‌లైన్ డిటెక్షన్‌లో నిలకడగా పైన ఉన్నది, మీ మెషిన్‌లో ట్రయల్ నడిపి తేలికగా ఉందని తేలినది, ఒక్క ఏడాదికి, ఒక్క మెషిన్‌కి. నాలుగైదు కంప్యూటర్లున్న కుటుంబాలకి, రోజూ బయటి పెన్‌డ్రైవులు దిగే చిన్న ఆఫీసులకి, ఫోన్‌లో సాయం చేసే మనిషి తప్పనిసరిగా కావాలనుకునే ఒంటరి పెద్దవాళ్లకి నేనే కొనమని చెప్తుంటాను. నిజానికి రోజుకి అంతమంది పెన్‌డ్రైవులు పెట్టుకునే ఆ జిరాక్స్ షాపు మెషిన్‌కి మంచి యాంటీవైరస్ ఉండటం మీ అందరికీ మేలు. అతనితో ఆ మాట స్నేహంగా చెప్పండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు ఉంటుంది. అది నాకు రాయండి. విండోస్ 11 ఎక్కుతుందో లేదో, ర్యామ్ ఇంకో 4 జీబీ వేయడం ఉపయోగమో కాదో చూసి చెప్తాను. అంతవరకు షాపతనికి డబ్బు ఇవ్వకండి.